సవరణ: ఒపినెల్ చిన్న కత్తులకు లాక్ ఉండదు

తక్కువ ధర మడత కత్తుల గురించి మొన్నటి పోస్టులో, ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతపు ఒపినెల్ కత్తులన్నిటికీ లాక్ ఉంటుందనీ, పిల్లలకు 4వ నంబరు సైజు చాలనీ రాశాను. అది తప్పు. కంపెనీ ఇచ్చే వివరాల ప్రకారం, లాక్‌గా పనిచేసే, బ్లేడు మొదట్లో తిప్పే ఉక్కు రింగు 6వ నంబరు నుంచి పైవాటికే ఉంటుంది. 1955లో వచ్చిన ఏర్పాటు అది. 2 నుంచి 5 దాకా రింగు లేదు. ఇరుసు దగ్గర బిగుతు మీదే బ్లేడు నిలుస్తుంది. తప్పుగా అదిమితే వేళ్ల మీదికి మూసుకుంటుంది. పిల్లలకైతే మొన గుండ్రంగా ఉండే 7వ నంబరు రకం చూడండి, దానికి రింగు ఉంది. పెద్దవాళ్లు పక్కన ఉండాలని వేరే చెప్పాలా!

ఇంకొకటి. ఆ పోస్టులోనే కార్బన్ స్టీలు బ్లేడు రంగు మారడం సహజమన్నాను గానీ, తుప్పు పర్వాలేదనలేదు. మెరీనాలో కారం చల్లి అమ్ముతారే, అలాంటి పుల్ల మామిడి కోసి చూడండి: పులుపు తగిలిన చోట బూడిద, నీలం మరకలు పడతాయి. వాటిని గీకక్కర్లేదు. వేలికి అంటే ఎర్రటి పొడి మాత్రం తుప్పే. చెన్నై ఉప్పుగాలికి, తడి తుడవకుండా వదిలేస్తే రాత్రికి రాత్రే రావచ్చు. తుడిచి, ఆరబెట్టి, పల్చగా నూనె రాయాలి. అంత ఓపిక లేనివాళ్లు బ్లేడు మీద ‘ఇనాక్స్’ అని ఉన్నది తీసుకోండి, అది స్టెయిన్‌లెస్. నవంబరు వానల్లో చెక్క పిడి ఉబ్బి బ్లేడు రాకపోతే గోళ్లు విరగ్గొట్టుకోవద్దు. రింగు లాక్ తీసి, పిడి చివరను బల్ల అంచుకు తట్టండి.