‘ఒకదానికొకటి తోడుంటాయి’ అనే సలహా గారికి

మహారాజశ్రీ సలహా గారి సముఖమునకు, కర్నూలు నుంచి తుంగ, భద్ర అనే రెండు కుక్కపిల్లల సేవలో ఉన్న ఒక ఇల్లాలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీ కుశలానికి ఎన్నడూ లోటుండదని నాకు తెలుసు. మా కుశలం సంగతి చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నిన్న మిమ్మల్ని ప్రత్యక్షంగా దర్శించుకునే భాగ్యం కలగబట్టి ఈ లేఖ రాయక తప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్న క్లినిక్‌కు డాక్టరు గారు ఆరు దాటాక వేంచేశారు. అంతసేపూ నేను తుంగను ఒళ్లో పెట్టుకుని లోపలి బల్ల మీద, మా వారు భద్రను చంకన వేసుకుని రోడ్డు అవతల వేపచెట్టు కింద కూర్చున్నాము. తుంగ లోపలి నుంచి ఊళ పెట్టేది, భద్ర బయటి నుంచి బదులిచ్చేది, మధ్యలో రోడ్డున పోయే ఆటోలవాళ్లు బండి నెమ్మది చేసి, ఎవరికేమైందోనని తొంగి చూసి పోయేవారు. ఈ కచేరీ సాగుతుండగా ఒక కుర్రవాడు ఒకే ఒక్క కుక్కపిల్లతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అది అతని చొక్కా గుండీ నములుతూ, మధ్యమధ్య తలెత్తి అతని ముఖంలోకి చూసేది. పేరు పెట్టి పిలిస్తే చెవులు రిక్కించేది. పిలిస్తే పలికే కుక్కపిల్లను అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు. ఎదుటి బల్ల మీది పెద్దాయన కూడా దానిని చూసి జాలిపడి, “ఒక్కటే తెచ్చుకుంటివేం నాయనా? పాపం, బెంగ పెట్టుకుంటాది. ఇంకొకటి తెచ్చుకో, ఒకదానికొకటి తోడుంటాయి” అన్నారు. మీరే! అదే దయ, అదే నిబ్బరం, పైసా ఖర్చు లేని అదే చిరునవ్వు. నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి పిలుపు వచ్చింది. తిరిగి బయటికి వచ్చేసరికి ఆ కుర్రవాడు పెద్దాయన చెబుతున్న నంబరును ఫోనులో ఎక్కించుకుంటున్నాడు.

మా ఇంటికి మీరు వేంచేసిన వైనం మీకు గుర్తుండకపోవచ్చు, రోజుకు ఎన్ని ఇళ్లు తిరుగుతారో పాపం. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. సాయంత్రం తలుపు తీయగానే ఎదురొచ్చే ప్రాణి ఒకటుంటే బాగుంటుందని మేమిద్దరం ఆలోచించి, ఒక్క కుక్కపిల్లను, మళ్లీ చెబుతున్నాను, ఒక్కదానిని తెచ్చుకుందామని బయలుదేరాము. మీరు మొదట అమ్మేవాడి నోట పలికారు, రెండోదాన్ని సగం ధరకే ఇస్తానన్న మాటను వెంటబెట్టుకుని. తరువాత ఫోనులో మా మరిది నోట పలికారు. చివరికి గోడ మీదుగా పక్కింటి పిన్నమ్మ నోట వినిపించారు. ఆవిడ తన ఇంట్లో బల్లిని తప్ప మరొక ప్రాణిని నిలవనిచ్చిన దాఖలా లేదు. ముగ్గురి నోటా ఒకే మాట, అక్షరం తేడా లేకుండా.

సగం ధర పిల్లకు టీకా సగం ధరకు వేయరని, నులిపురుగుల మందు సగం మోతాదుతో సరిపోదని మీరు చెప్పలేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉన్నది. రెండు నెలలు నిండాయని దేవుడి మీద ఒట్టు పెట్టి అమ్మిన ఈ పిల్లల నోరు తెరిచి, పళ్లు చూసి డాక్టరు గారు నవ్వారు. ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలైన సూదులు 16 వారాలు నిండేదాకా విడతలు విడతలుగా సాగుతాయి. మూడు నెలలకు రేబిస్ సూది వేరు. ఇవన్నీ రెండేసి. నిన్న ఆ క్లినిక్ కుర్రవాడు రెండు సీసాల స్టిక్కర్లనూ తుంగ కార్డులోనే అంటించాడు. కార్డుల ప్రకారం తుంగకు ఒకే పూట రెండు టీకాలు పడ్డాయి, భద్రకు ఏ టీకా పడలేదు. కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరసు మట్టిలో నెలల తరబడి బతికుంటుంది కనుక సూదులు పూర్తయ్యేదాకా వీటిని వీధిలో నేల మీద దించరాదు. కాని లారీ హారన్లు, గొడుగులు, గడ్డాలవాళ్లు, సైకిళ్లు, అన్నిటినీ ఈ వయసులోనే చూపించి అలవాటు చేయాలి. కాబట్టి మా ఊరి కె.సి. కెనాల్, అదే కర్నూలు-కడప కాలువ, గట్టు దాకా చంకన మోసుకుపోయి, లోకం చూపించి, తిరిగి మోసుకురావడమే మా ఇంట్లో షికారు. లాబ్రడార్ పిల్ల వారం వారం ఎంత బరువు పెరుగుతుందో నా నడుమును అడిగితే చెబుతుంది.

మీ బంధువులు కూడా తక్కువవారు కారు. గిన్నెడు పాలు పోయమన్న సలహా గారి పుణ్యాన రెండింటికీ విరేచనాలు పట్టుకుని ఒక రాత్రంతా జాగారమైంది. మిగిలినదేదైనా పెట్టండి, కుక్కలు అన్నీ తింటాయి అన్నవారు మరొకరు. ఉల్లిపాయ కుక్కల నెత్తుటిలోని ఎర్రకణాలను చిదిమేస్తుందని డాక్టరు చెప్పాక, ఉల్లికి పేరుపడిన మార్కెట్ యార్డున్న ఈ ఊళ్లో, ఆదివారం బొరుగుల్లో ఉల్లి వేసి ఉగ్గాని చేస్తే కింద పడిన ప్రతి ముక్కనూ వంగి ఏరుకోవలసి వస్తోంది. అయినా వారితో నాకు పేచీ లేదు. పాలు మానేశాము, కడుపులు కుదుటపడ్డాయి. మీరు చేసిన పని ఏది మానేస్తే కుదుటపడుతుందో చెప్పండి.

తెల్లవారుజామున లైటు వేస్తే దేవుని గది గడప ముందు చిన్న మడుగు కనిపిస్తుంది. దాని ఒడ్డున రెండూ పక్కపక్కనే కూర్చుని, తోకలు నేలకేసి కొడుతూ ఉంటాయి. ఆ క్షణంలో పట్టుకుని పెరట్లోకి తీసుకుపోతేనే నేర్చుకుంటాయని అంటారు, కాని ఎవరిని పట్టుకోవాలి? భద్ర వెనక కాలు తడిగా ఉన్నది కనుక భద్రే అనుకునేలోగా తుంగ ఆ కాలిని శుభ్రంగా నాకి సాక్ష్యం చెరిపేస్తుంది. భద్రను ఎత్తుకుని పెరట్లోకి పోతే, ఒకచోట వాసన తగిలితే చాలు కనుక, తుంగ లోపల అదే చోట రెండో మడుగు పెడుతుంది. పేరు పెట్టి పిలిస్తే రెండూ తలెత్తుతాయి, ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటాయి, పిలిచింది నిన్నా నన్నా అని సంప్రదించుకుని, మనల్ని కాదులే అని తీర్మానించుకుని, గోనెపట్టా రెండు కొసలూ పట్టుకుని లాగులాటకు పోతాయి. సాయంత్రం తలుపు తీస్తే ఎదురు రావు. నా చేతిసంచీ కింద పెట్టి, చప్పట్లు కొట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రారా నాన్నా అని బతిమాలినా సరే, భద్ర గడ్డం తుంగ మెడ మీద నుంచి కదలదు. చెప్పుల విషయంలో మాత్రం వాటికి జత పట్టింపు లేదు. ఏ జతలోనైనా ఒక్కటే కొరుకుతాయి.

గత నెలలో ఈ గోడు చెప్పుకుంటే డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, “రెండూ ఒకే ఈతవా మేడమ్?” అని. మూడు వారాల నుంచి పధ్నాలుగు వారాల మధ్య కుక్కపిల్ల ఎవరిని తనవాళ్లుగా చేసుకోవాలో నేర్చుకుంటుందట. ఆ రోజులన్నీ తోడబుట్టినదే ఎదురుగా ఉంటే ఇక మనిషితో దానికి పనేమున్నది? ఒకటి లేనిదే రెండోది నిలవలేని స్థితికి వస్తాయట. ఇందుకు విరుగుడుగా ఆయన చీటీ మీద రాసి ఇచ్చినది మీకు వినిపించి తీరాలి: వేర్వేరు గిన్నెలు, వేర్వేరు వేళల్లో షికారు, వేర్వేరు గదుల్లో నిద్ర, కనీసం నాలుగైదు నెలలు. సలహా గారూ, అర్థమైనదా? తోడు కోసమని తెచ్చినవాటిని విడదీయడమే మందు! కర్ణాటకలోని కూడ్లి దగ్గర తుంగా, భద్రా నదులు కలిసి ఒకే నదిగా మన ఊరికి వస్తాయని ముచ్చటపడి ఈ పేర్లు పెట్టినది మా వారే. ఆ నదిని మళ్లీ రెండు పాయలుగా చీల్చే పని కూడా ఆయనకే పడింది.

మాది రెండు పడకగదుల ఇల్లు. ఆ రాత్రి నుంచి ముందు గదిలో తుంగ, నేను. వెనక గదిలో భద్ర, మా వారు. ఇన్నేళ్ల కాపురంలో మేము పోట్లాడుకోని విషయం లేదు, అయినా మంచాలు వేరయ్యేంత పోట్లాట ఏనాడూ రాలేదు. ఇప్పుడు ఏ పోట్లాటా లేకుండానే వేరు పడ్డాము. గోడకు ఇవతల నా గొంతు వినబడితే అవతల భద్ర లేచి తలుపు గీరుతుంది కనుక, మా వారు రేపు కూరేమిటని వెనక గది నుంచి ఫోను చేసి గుసగుసగా అడుగుతారు, నేను దుప్పటి కప్పుకుని గుసగుసగా చెబుతాను. ఒకే వేళ కలిసి భోజనం చేసి ఎన్నాళ్లయిందో. రెండు గదుల్లోనూ వేరువేరుగా దీపాలు వెలగడం పక్కింటి పిన్నమ్మ గారి కంటబడింది. మొన్న మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోను చేసి, అటూ ఇటూ మాట్లాడి, చివరికి మెల్లగా, “అమ్మా, నాన్నతో ఏమైనా గొడవా?” అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాదమ్మా, కుక్కలను విడదీస్తున్నాము అంటే అది నమ్మినట్టు లేదు. వచ్చే శనివారం వస్తానన్నది.

తోడు కావలసినది మాకు. నువ్వు తోడు తెచ్చిపెట్టినది కుక్కకు. ఉన్న తోడును కూడా మా ఇద్దరి మధ్య నుంచి లాగేశావు. ఇంత అన్యాయం చేసి, ఏమీ ఎరగనట్టు నిన్న క్లినిక్‌లో ఆ పిల్లవాడి పక్కన చేరడానికి నీకు మనసెలా ఒప్పింది? అయినా నీకు ఇది కొత్తా? పెళ్లయి ఒక్క బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ పోయి, ఒక్కడే ఉన్నాడు, తోడుగా ఇంకొకరుండాలి కదా అని ఆ తల్లి చెవిలో ఊదేది నువ్వే. ఆ తోడులిద్దరూ టీవీ రిమోటు కోసం ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్ననాడు మాత్రం ఆ గడప తొక్కవు. పుట్టిన రెండో బిడ్డకు ఫీజు కట్టవు, తెచ్చిన రెండో కుక్కకు సూది వేయించవు. ధర్మరాజు అన్నీ వదులుకుని నడుస్తుంటే స్వర్గద్వారం దాకా వెంట వచ్చినది ఒక్క కుక్క. నువ్వు ఆ కాలంలో ఉండి ఆయన చేత రెండోదాన్ని తెప్పించి ఉంటే ఆ రెండూ హిమాలయాల మొదట్లోనే మంచులో లాగులాట మొదలుపెట్టేవి, ధర్మరాజు ఒంటరిగా పైకి పోయేవాడు, ధర్మదేవతకు పరీక్ష పెట్టే అవకాశమే దక్కేది కాదు.

పైగా ఒకటి ఆడది, ఒకటి మగది, జత చూడముచ్చటగా ఉంటుందన్నావు. ఆరు నెలలు దాటాక తుంగ ఎప్పుడైనా ఎదకు రావచ్చని, అన్నాచెల్లెళ్లన్న వరుస వాటికి పట్టదని, చూలు నిలిస్తే రమారమి 63 రోజులకు ఈనుతుందని, ఆలోగానే ఆపరేషన్ సంగతి ఆలోచించుకోవాలని డాక్టరు హెచ్చరించారు. అంతదాకా వస్తే, ఆ పుట్టిన ఒక్కొక్కదానికీ తోడెవరో కూడా నువ్వే వచ్చి చెబుతావు కాబోలు.

నిన్న సూది దిగినప్పుడు తుంగ కుయ్యిమని నా మోచేతి మడతలో ముక్కు దూర్చింది. బయట భద్ర అరుస్తూనే ఉన్నది. అయినా ఇది అటు తల తిప్పలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయింది. అది నా కోసమేనని నేను అనుకుంటున్నాను. చలిమూలాన అనో, భయం వల్ల అనో నువ్వేదో అనబోతావు, అక్కరలేదు, నోరు మూసుకో. వెనక గదిలో కూడా ఏదో జరుగుతున్నట్టే ఉన్నది. భద్ర తన బొటనవేలు పట్టుకుని నిద్రపోయిందని మా వారు అర్ధరాత్రి ఫోను చేసి మరీ చెప్పారు, ఆ గుసగుసలో ఎంత గర్వమో! రెండింటిలో ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయరాదా అని మా మరిది ఇప్పుడు కొత్త సలహా ఒకటి పంపించాడు. దానిని గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపించాము.

మీరు మాత్రం, మళ్లీ మా వీధికి రావాలనిపిస్తే, నిరభ్యంతరంగా రావచ్చు. గేటుకు ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అన్న బోర్డు కనిపిస్తుంది, దానికి బెదరనక్కర లేదు. మనుషులను పట్టించుకునేంత తీరిక వాటికి ఇంకా చిక్కలేదు. చెప్పులు మాత్రం బయట విడవకండి, చేత్తో పట్టుకుని లోపలికి రండి.

ఇట్లు,
ముందు గది నుంచి,
తుంగ గారి సంరక్షకురాలు