వితండవాది ఎవరు?

ఒడిశాలోని పర్లాకిమిడి బస్టాండు దగ్గర టీ కొట్టులో మొన్న ఒక రిటైర్డు మాస్టారు తన అర్జీ చదివి వినిపిస్తున్నారు. పేటలో పిల్లలకు తెలుగు చెప్పే పంతులు లేడని, వేయాలని అందులోని సారాంశం. గ్లాసులో టీ మీద మీగడ కట్టినా ఆయన చూసుకోలేదు. పక్క బల్ల మీది పెద్దమనిషి పేపరు మడిచి, "ఈయనతో పెట్టుకోకండి, వితండవాది" అన్నాడు. అందరూ నవ్వారు. అర్జీ మధ్యలోనే ఆగింది.

ఆ మాట తప్పు మనిషికి తగిలింది. తర్కానికి మూలగ్రంథమైన గౌతమ మహర్షి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. అంటే, గట్టి అభిప్రాయం ఉన్నవాడు వితండవాది కానే కాడు! మాస్టారికి ఒక పక్షం ఉంది, కాగితం మీద ఉంది. పేపరు పెద్దమనిషికే ఏమీ లేదు. పట్టు విడవనివాణ్ణి ఆడిపోసుకోవాలంటే మన దగ్గర మాటలకు కరువా? మొండి, మంకు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్న సామెతలోనైతే కాస్త భయం, కాస్త గౌరవం కూడా ఉన్నాయి.

వాడుకే ప్రమాణం కదా, గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో నిలబడి వాడుకను కాదంటావా అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఆయన కొట్లాడింది జనం నోట ఉన్న మాటకు కాగితం మీద చోటు ఇప్పించడానికి. ఈ వాడుక చేస్తున్నది నోరు మూయించడం. గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు ఎదురు నిలిచినా ఆయన తగ్గలేదు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే నిరసనగా ఊరే విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. టీ కొట్టు లెక్కన ఆయన్ని ఏమనాలి?

సరిహద్దుకు ఏ పక్కనైనా తక్కువమంది మాట్లాడే భాషవాళ్లు నోరు తెరిస్తే ముందు ఇలాంటి బిరుదే దక్కుతుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 1956 నుంచీ ఉన్న మాటే. దాన్ని గుర్తుచేయడం వితండమా?

అర్జీ ఇప్పటికీ మాస్టారి సంచిలోనే ఉంది. మొదట్లోని "వ్రాయునది ఏమనగా" తీసేయండి, గిడుగు ఊళ్లో గ్రాంథికం ఎందుకన్నాను. ససేమిరా అన్నారు.