ఎవరూ తీసుకెళ్లని కుక్కల చోటు

హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక షెల్టర్‌కి కిందటేడాది నాలుగైదుసార్లు వెళ్లాను. అక్కడ పొద్దున ఆరున్నరకి మొదలయ్యే మొదటి పని నడుము విరిగిన కుక్కల చేత మూత్రం పోయించడం. బంటీ అనే గోధుమరంగు నాటు కుక్కని ఏదో కారు తొక్కేసి పోయింది. వెనక కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. మూత్రం వస్తున్న సంగతి కూడా దానికి తెలియదు. అక్కడ పనిచేసే ఆవిడ గోనెపట్టా మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి వాల్చుకుంటుంది. రెండు అరచేతులూ పొట్టకి చెరోవైపు పెట్టి వేళ్లతో తడుముతుంది. నీళ్లు నింపిన చిన్న బెలూన్‌లా మూత్రసంచి చేతికి తగిలాక మెల్లగా నొక్కాలి. గట్టిగా నొక్కితే లోపల దెబ్బ తగులుతుంది, చాలీచాలకుండా నొక్కితే మూత్రం మిగిలిపోయి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆ తర్వాత తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, నేల మీద ఈడ్చుకుని తిరగడంతో ఒరుసుకుపోయిన కాలివేళ్లకు మందు రాసి కట్టు కడుతుంది. ఇదంతా రోజుకి మూడుసార్లు చేయాలి. ఆదివారమైనా, సంక్రాంతైనా అంతే. "నేను ఊరెళ్తే వీణ్ణి ఎవరు చూస్తారు సార్?" అంది ఆవిడ. రెండేళ్లుగా ఆవిడ ఊరు వెళ్లలేదు.

వీధికుక్కలన్నిటినీ పట్టుకుని షెల్టర్లలో పెట్టేయమని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ రెండు చేతులే గుర్తొస్తాయి.

ఈ మాట ఇప్పుడు గట్టిగా వినిపించడానికి కారణాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ దృశ్యం చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు, మర్చిపోకూడదు కూడా. 2024లో దేశవ్యాప్తంగా దాదాపు 37 లక్షల కుక్కకాటు కేసులు నమోదయ్యాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని సవరించి, పిల్లలు పుట్టకుండా చేసే కు.ని. ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడ పట్టుకున్నవాటిని అక్కడే వదలమంది. రేబిస్ ఉన్నవాటికి, మీదపడి కరిచేవాటికి మాత్రం ఇది వర్తించదంది. మళ్లీ నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తీసేసి షెల్టర్లలో పెట్టాలని, తిరిగి అక్కడ వదలొద్దని దేశమంతటికీ ఆదేశమిచ్చింది.

బడి ఆవరణలో పిల్లల భద్రత గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. నా ఆందోళన అంతా "షెల్టర్" అనే మాట గురించే. కుక్కల్ని జమచేసే గోడౌన్ లాంటిదేదో ఉందని, తాళం వేస్తే పని అయిపోతుందని మనం అనుకుంటున్నాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. ఒక్కోదానికి తిండికి రోజుకి 50 రూపాయలే అనుకుందాం. రోజుకి 76 కోట్లు దాటుతుంది, ఏడాదికి దాదాపు 28 వేల కోట్లు. స్థలం, డాక్టర్లు, మందులు, మనుషుల జీతాలు ఈ లెక్కలో లేవు. ఏ మునిసిపాలిటీ భరిస్తుంది? భరించలేనప్పుడు ఏం జరుగుతుందో షెల్టర్లలో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు. ఇరవై పట్టే చోట అరవై చేరతాయి. తిండి దగ్గర కొట్టుకుంటాయి. కొత్తగా వచ్చినదాన్ని రెండు వారాలు విడిగా ఉంచే గది లేక నేరుగా గుంపులో కలిపేస్తారు. దానిలో పార్వో అనే ప్రాణాంతక వైరస్ ఉంటే కూనలు వారంలో వరసగా పోతాయి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, కాబట్టి తర్వాత వచ్చిన కూనలకూ అదే గతి. డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బు అయితే గాలిలోనే పాకుతుంది.

అసలు షెల్టర్ ఎవరి కోసం? వీధిలో ఆరోగ్యంగా తిరిగే కుక్కకి అది అక్కర్లేదు. ఆపరేషన్, టీకా అయ్యాక దాని చోటుకి అది వెళ్లిపోవడమే దానికీ మనకీ మంచిది. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా వేయగలిగితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. టీకా పడిన కుక్కని తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా పడనిది వస్తుంది. షెల్టర్ అవసరమైనవి వేరే ఉన్నాయి. వీధికి పంపితే చచ్చిపోయేవి, ఇంటికి పంపుదామంటే ఎవరూ అడగనివి. బంటీ లాంటివి. డిస్టెంపర్ నుంచి బతికి బయటపడ్డా నిద్రలో కూడా దవడ టకటకా కొట్టుకునేవి. కళ్లు పోయినవి. మనిషి చేతిలో కర్ర కనిపిస్తే వణికిపోయేవి, ఆ భయంతోనే కరిచేవి.

ఇంకో రకం కూడా ఉన్నాయి, వాటి గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవాలి. అబ్బాయి ముచ్చటపడి లాబ్రడార్‌ని కొంటాడు. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తాడు, లేదా ఆన్‌సైట్ వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ముప్ఫై కిలోల కుక్కని నడిపించలేరు. ఏడెనిమిదేళ్లకి దానికీ తుంటి కీళ్లు అరిగిపోతాయి. ఒకరోజు పొద్దున్నే షెల్టర్ గేటుకి కట్టేసి ఉంటుంది. మెడకి ఇంకా బెల్టు ఉంటుంది. ఏ కారు చప్పుడైనా లేచి గేటు దగ్గరికి వెళ్తుంది. చల్లటి మంచు ప్రాంతాల కోసం పుట్టిన హస్కీని మే నెల హైదరాబాద్ ఎండలో ఇలా వదిలిపోయిన సంగతి విన్నప్పుడు నాకు మాట రాలేదు.

పిల్లుల వైపు చూసేవాళ్లు మరీ తక్కువ. మనకి ఎదురొస్తేనే అపశకునం, నల్లదైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ షెల్టర్‌లో ఒక పిల్లి తాగినట్టు తూలుతూ నడుస్తుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వైరస్ సోకి, పిల్ల చిన్నమెదడు సరిగా ఎదగలేదు. నొప్పి ఉండదు, ముదరదు. గిన్నె అంచు కాస్త ఎత్తుగా, నేల జారకుండా ఉంటే మామూలు పిల్లిలాగే బతికేస్తుంది. ఎఫ్ఐవీ, అంటే రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్ ఉన్న పిల్లులూ అంతే. అది మనుషులకి అంటదు, ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. కానీ రిపోర్టులో ఆ మూడక్షరాలు చూడగానే దత్తతకి వచ్చినవాళ్లు వెనక్కి తగ్గుతారు.

ఇలాంటివాటి మీద ఆశ పెట్టుకోవచ్చా అంటే అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2007లో మైకేల్ విక్ అనే ప్రసిద్ధ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి స్థలంలో కుక్కల పందేల దందా బయటపడింది. అక్కడ పట్టుకున్న పిట్‌బుల్స్‌ని చంపేయడమే మేలని పెద్ద జంతు సంఘాలే అన్నాయి. కోర్టు తొందరపడలేదు. ఒక్కో కుక్కనీ విడిగా పరీక్షించమంది, వాటి తరఫున ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌ని నియమించింది. వాటి పోషణకి విక్ తొమ్మిది లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. 22 కుక్కలు యూటా రాష్ట్రంలో 1984 నుంచి నడుస్తున్న బెస్ట్ ఫ్రెండ్స్ అనే జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లాయి. ఏళ్ల శిక్షణ తర్వాత వాటిలో కొన్ని ఇళ్లకి చేరి పిల్లల మధ్య పెరిగాయి. రెండిటిని మాత్రం జీవితాంతం అక్కడే ఉంచమని కోర్టు చెప్పింది, అవి చనిపోయేదాకా అక్కడే ఉన్నాయి. ఇందులో నాకు ముఖ్యంగా తోచినవి రెండు: ఒక్కోదాన్నీ విడిగా చూడటం, దానికి డబ్బు ఎవరిస్తారో ముందే తేల్చడం.

మన దగ్గర ఆ రెండూ లేవు. 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు దశాబ్దాలుగా ఈ బరువు మోస్తున్నాయి. చిన్న షెల్టర్లయితే నెలాఖరుకి బియ్యం, చికెన్ బాకీ చూసుకుని టెన్షన్ పడుతూ నడుస్తున్నాయి. మునిసిపాలిటీలు నడిపే కు.ని. ఆపరేషన్ కేంద్రాల పక్కనే, తిరిగి వీధికి వదల్లేని జంతువుల కోసం చిన్న వార్డు ఒకటి కట్టాలి. యాభైకి మించి తీసుకోకూడదని రాతపూర్వకంగా హద్దు పెట్టాలి. ఆ చేతులతో పనిచేసేవాళ్లకి నెల జీతం, సెలవు, రేబిస్ ముందస్తు టీకా ఇవ్వాలి. జాతి కుక్కలు అమ్మేవాళ్ల దగ్గర ప్రతి కుక్కకీ గుర్తింపు చిప్, యజమాని పేరు తప్పనిసరి చేయాలి, గేటుకి కట్టేసి పోయినవాళ్ల దగ్గర ఖర్చు వసూలు చేయాలి. వీధిలో తిరిగేవాటికి టీకా, ఆపరేషన్ మీద డబ్బు పెట్టాలి. అన్నిటినీ ఒకే గోడల మధ్యకి తోస్తే అక్కడ మొదట చచ్చేది బంటీయే, ఎందుకంటే గుంపులో పారిపోలేనిది అదే.

ఆఖరిసారి వెళ్లినప్పుడు బంటీని చక్రాల బండికి కట్టారు. ఒకేసారి అరగంట కన్నా ఎక్కువ ఉంచరు, అందులో పడుకోలేదు కనుక. ఆవరణ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తింది. ఆవిడ దాని వెనకే నడుస్తుండగా ఫోన్ మోగింది. ఎల్బీనగర్ దగ్గర బస్సు కింద పడ్డ కుక్క, నడుము దెబ్బతింది, తీసుకొస్తాం అంటున్నారు. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. గేటు పక్క వరసలో ఉన్న గదుల్ని ఒకటొకటిగా చూసింది. అన్నీ నిండి ఉన్నాయి. "ఇవాళ చోటు లేదండీ, ఎక్కడైనా ఒక్క రాత్రి ఉంచగలరా?" అంది. అవతల ఫోన్ పెట్టేశారు.