స్లాబుకి ఇంత మర్యాదా?

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఇల్లు కొన్న తెలుగువాళ్ల మీద ఒక వేధింపు చాపకింద నీరులా సాగుతోంది. బేస్‌మెంట్‌లో టైల్స్ వేయిస్తున్నామని అనడమే ఆలస్యం, ఎవరో ఒక నిపుణుడు ప్రత్యక్షమై, "ముందు కాంక్రీటు సంగతి చూశారా?" అంటాడు. టైల్స్ చూశాం. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌటు రంగు మీద ఇంటిల్లిపాదీ రెండు వర్గాలుగా చీలిపోయాం. ఇంకా కాంక్రీటు కూడా చూడాలా? అది కనపడకూడదనే కదా టైల్స్ వేసేది!

టెక్సాస్ తెలుగువాళ్లు అదృష్టవంతులు. డాలస్ బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి అక్కడ బేస్‌మెంట్లు పెద్దగా కట్టరు. చికాగో వైపు అలా కాదు. చలికి నేల గడ్డకడుతుంది, అందుకని పునాది 42 అంగుళాల లోతుకి దించాలి. ఎలాగూ అంత తవ్వాం, ఇంకాస్త తవ్వితే ఒక అంతస్తు కలిసొస్తుందని బిల్డర్ల లెక్క. ఆ అంతస్తులోనే మన హోమ్ థియేటరు, పిల్లల కూచిపూడి ప్రాక్టీసు, ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే వాళ్ల గది. ఇంతటి సాంస్కృతిక కేంద్రాన్ని మోస్తున్నది మట్టి మీద పోసిన నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు. దానికి ఒక పట్టాన దేనితోనూ తృప్తి ఉండదు.

మొదటి ఆరోపణ చెమ్మ. స్లాబు పైకి పొడిగా కనిపించినా కింది మట్టిలోని తేమ ఆవిరిగా పైకి వస్తూనే ఉంటుందట. నమ్మకపోతే 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగంచులకీ టేపు వేసి, కనీసం 16 గంటలు ముట్టుకోకుండా వదిలేయమంటారు. మర్నాడు ఊడదీస్తే షీటు లోపలివైపు సన్నటి నీటి చుక్కలు, కింద కాంక్రీటు చుట్టుపక్కల కంటే ఒక ఛాయ ముదురు. పరువుగల ఇంట్లో ఇలాంటివి బయటపెట్టడం పద్ధతేనా? పోనీ చుక్కలు కనపడకపోతే వదిలేస్తారా అంటే అదీ లేదు. ఆ ఒక్క పరీక్షతో స్లాబు పొడిగా ఉందని తేల్చలేం కాబట్టి, దాని మందంలో 40 శాతం లోతుకి రంధ్రం చేసి, లోపల తేమ ఎంతుందో మీటరు పెట్టి కొలవాలట. ఆపైన బయటికి తోలతారు. గట్టర్ పైపు గోడ పక్కనే నీళ్లు వదులుతోందా? ఇంటి నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు కిందికి వాలిందా? లోపల టైల్స్ వేసుకోవడానికి వానలో గొడుగేసుకుని ఇంటికి ప్రదక్షిణం చేయాలన్నమాట.

మనకీ పరిశీలన లేకపోలేదు. బేస్‌మెంట్‌ కింద చేరే నీళ్లు తోడే సంప్ పంపు గొయ్యి ఈశాన్యంలో పడిందని, నీళ్లు ఉండాల్సిన చోటే ఉన్నాయని సంతోషించిన వాళ్లున్నారు. గోడవారగా తేలిన తెల్లటి పొడిని మాత్రం సున్నం రాలిందని చీపురుతో ఊడ్చేస్తారు. అది కాంక్రీటులోని లవణాలను నీళ్లు కరిగించి పైకి తెచ్చి వదిలేసిన గుర్తట. ఊడిస్తే మళ్లీ వస్తుంది, ఎందుకంటే నీళ్లు మళ్లీ వస్తాయి.

రెండో పరీక్ష ఇంకా అవమానకరం. స్లాబు మీద నాలుగు నీటిబొట్లు వేసి చూడాలి. పీల్చుకుంటే సరే. తామరాకు మీద నీటిబొట్టులా అంటీముట్టనట్టు నిలిచిందంటే పాత పెయింటో, నీళ్లు ఇంకకుండా పూసిన సీలరో ఉన్నట్టే, టైలుని అంటించే సిమెంటు జిగురు, అంటే థిన్‌సెట్, పట్టుకోదు. వేదాంతంలో అంత గొప్ప గుణం బేస్‌మెంట్‌కి వచ్చేసరికి అవలక్షణం అయిపోయింది! అప్పుడు డైమండ్ గ్రైండర్‌తో పైపొర గీకాలి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులను తినేసే సిలికా ఉంటుంది కనుక సరైన మాస్కు, గ్రైండర్‌కి తగిలించిన వాక్యూమ్ ఉండాలి. మనవాళ్లు కర్చీఫ్ కట్టుకుంటారు.

మూడోది చదును. టైలు ఒక అంచు 15 అంగుళాలు, ఆపైన ఉంటే 10 అడుగుల బద్ద కింద అంగుళంలో ఎనిమిదో వంతుకి మించి తేడా ఉండకూడదట. మనం కొనేవి 24 బై 48 పలకలు. రసమట్టం పెట్టి చూశామంటే చాలదు, డ్రెయిన్ వైపు వాలు ఉన్నా పరవాలేదు కానీ గుంటలు, గుబ్బలు ఉండకూడదట. గుబ్బలు గీకాలి, గుంటల్లో ప్రైమర్ కొట్టి, చదును చేసే సిమెంటు మిశ్రమం, అంటే లెవెలర్, పోయాలి. నీళ్లు బస్తా మీద రాసినన్నే కలపాలి. ఆవకాయ నుంచి పెళ్లి సాంబారు దాకా కంటి కొలతతో నడిపిన జాతికి కొలగ్లాసు ఇస్తారా?

ఈ ఘట్టంలోనే బావగారు రంగప్రవేశం చేస్తారు. "మా ఊళ్లో మేస్త్రీ ఇవేవీ చూడలేదండీ. ముప్పయ్యేళ్లయింది, చెక్కు చెదరలేదు." నిజమే. కానీ ఆ మేస్త్రీ రెండంగుళాల ఇసుక సిమెంటు మాలు మీద టైలు వేశాడు, ఎత్తుపల్లాలన్నీ మాలే మింగేసింది. ఇక్కడ థిన్‌సెట్ మందం పావు అంగుళం కూడా ఉండదు. ఈ సంగతి బావగారికి చెప్పే ధైర్యం ఏ బావమరిదికుంది?

పగుళ్ల గురించి ఎక్కువ చెప్పను. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్న సన్నటి పగులైతే పగులు టైలుకి పాకకుండా ఆపే మెంబ్రేన్ పొర వేస్తే సరిపోతుంది, ఒక వైపు లేచి ఉంటే టైల్స్ మేస్త్రీని కాదు, ఇంజనీరుని పిలవాలి.

ఒక్క చోట మాత్రం వేళాకోళం పక్కన పెడతాను. 1980కి ముందు కట్టిన ఇంట్లో 9 అంగుళాల పాత టైల్స్‌గానీ, నల్లటి జిగురుగానీ కనిపిస్తే గీకొద్దు, గ్రైండర్ అసలే పెట్టొద్దు. ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

మిగతావన్నీ దాటేసి, ముహూర్తం చూసుకుని టైల్స్ వేసేస్తాం. రెండో చలికాలంలో సత్యనారాయణ వ్రతానికి వచ్చిన ఒక పెద్దాయన ప్రసాదం తింటూ, మడమతో ఊరికే తట్టి, "ఇక్కడ గుల్లగా మోగుతోందేమిటండీ?" అంటారు. అందరూ వంగి చూస్తారు. గ్రౌటు గీతలో వెంట్రుకంత చీలిక, దాని అంచున తెల్లటి పొడి. దీనికీ మన దగ్గర పరిష్కారం ఉంది. కార్పెట్.