రింగు గ్యాప్ తగ్గిస్తే పికప్ పెరగదు, బండి పట్టేస్తుంది

నలగొండలో బండ్ల పని తెలిసినవాళ్లున్న ప్రతి గ్రూపులోనూ ఇప్పుడు ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘మెకానిక్‌లు చెప్పని రహస్యం’ అట. అందులో నాలుగు ముక్కలు. రింగు గ్యాప్ (పిస్టన్ చుట్టూ ఉండే రింగు రెండు కొసల మధ్య సందు) తగ్గేకొద్దీ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుడు, పెరుగుతుంది, గ్యాప్ లేకుండా బిగిస్తే కొత్త బండిని మించిన పికప్. డబ్బాలో వచ్చిన రింగుల్ని కొలవక్కర్లేదు. రింగుల గ్యాపులు ఒకదానికొకటి 120 డిగ్రీల తేడాతో పెట్టకపోతే బండి ఆయిల్ తాగుతుంది. బిగించే ముందు ఆముదం రాయాలి.

ఆముదం తలకు రాసుకోండి. రింగులకు ఇంజిన్ ఆయిల్ చాలు.

120 డిగ్రీలు మంచిదే, అందరం అలాగే పెడతాం. కానీ ఫోర్ స్ట్రోక్ బండిలో రింగులు నడుస్తున్నకొద్దీ తిరుగుతూనే ఉంటాయి, మీరు పెట్టిన చోట కూర్చోవు. పాత టూ స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100లో తిరగకుండా పిన్ను ఉంటుంది, అక్కడ ఎంచుకునే పనే లేదు.

ఇక మొదటి ముక్క. ఇది బండ్లను చంపే సలహా. పాత బుల్లెట్ 350 బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, అంటే రింగు చుట్టుకొలత సుమారు 220. పోత ఇనుము మీటరుకు, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.011 మిల్లీమీటరు సాగుతుంది. రింగు బోర్ కన్నా 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఆ 220లో పావు మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే ముందు కమ్మరి దాన్ని ఎందుకు కాలుస్తాడో తెలిసిన ఊళ్లో ఇది చెప్పాల్సి రావడమే విడ్డూరం! గ్యాప్ లేకపోతే ఆ పావు మిల్లీమీటరు ఎటు పోవాలి? రెండు కొసలూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, రింగు బోర్‌ను బయటికి నెడుతుంది, ఆయిల్ పొర చిరుగుతుంది. విప్పి చూస్తే కొసలు అద్దంలా మెరుస్తుంటాయి, బోర్‌లో నిలువు గీతలు. ఒక్కోసారి పిస్టన్ పైఅంచే విరిగి చేతికొస్తుంది. మీరడిగిన పికప్ అదే.

పైగా గాలితో చల్లబడే ఇంజిన్. మే నెలలో దేవరకొండ రోడ్డు మీద ముగ్గురు, మధ్యలో దాణా బస్తా, సెకండ్ గేర్. వేడిని లాగడానికి రేడియేటర్ ఏది? సరైన గ్యాప్ వల్ల పోయే కంప్రెషన్ సంగతి కూడా చూద్దాం. 3000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ కిందికి రావడానికి సెకనులో నూరో వంతు. ఆ సందులోంచి ఆ కాస్త సేపట్లో ఎంత పోతుంది? దానికోసం ఇంజిన్‌ను తాకట్టు పెడతారా?

మామూలు లెక్క అంగుళం బోర్‌కు నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ). బుల్లెట్‌కు సుమారు 0.28 మిల్లీమీటరు, 50 బోర్ ఉన్న స్ప్లెండర్‌కు 0.20. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే వేదం.

రెండో ముక్కలో కొంత నిజముందని ఒప్పుకోవాలి. కంపెనీ సైజు బోర్, మంచి కంపెనీ రింగులు అయితే చాలాసార్లు ఆకురాయి అవసరమే రాదు. కానీ డబ్బా మీద రాసింది రింగు కొలత, లేత్ దగ్గర కోసిన మీ బోర్ కొలత కాదు. బోర్ 0.03 మిల్లీమీటరు బిగుతుగా వస్తే గ్యాప్ 0.09 తగ్గుతుంది, మూడింతలు. అందుకే కొలవాలి. రింగును పిస్టన్ తలతో నెట్టి తిన్నగా కూర్చోబెట్టి, గ్యాప్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టండి. పాత బోరే వాడుతుంటే కింద, రింగు దిగే చివరి చోట కొలవండి. అరుగుదల తక్కువ కాబట్టి గ్యాప్ అక్కడే చిన్నది. తక్కువుంటే ఒక్క కొసనే, బయటి అంచు నుంచి లోపలికి రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే పైపూత ఊడుతుంది. గరుకు తీసి మళ్లీ కొలిచి, అప్పుడు బిగించండి.