40 ఏళ్ల మాటకు లెక్క కట్టేదెవరు?

వనస్థలిపురంలో మా ఎదురింటి మాస్టారు రిటైరై 12 ఏళ్లు దాటింది. అప్పట్లో పింఛన్‌లో 40 శాతం కమ్యూట్ చేసి, అంటే నెలనెలా రావాల్సిన ఆ వాటాను వదులుకుని బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకుని, ఆ డబ్బుతో ఇంటి అప్పు తీర్చేశారు. ఆనాటి నుంచి నెలనెలా పింఛన్‌లో కోత పడుతూనే ఉంది. మొన్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘‘నేను తీసుకున్నది ఎప్పటికి తీరుతుందో కాస్త చెప్పమ్మా’’ అని అడిగారు. ఆ అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివి, యాక్చువరీ (పింఛన్లు, బీమా వంటి దీర్ఘకాల చెల్లింపులకు లెక్క కట్టే నిపుణులు) పరీక్షలు రాస్తోంది. కాగితం, పెన్ను తీసుకుని ‘‘ఏ వడ్డీ పెట్టమంటావు తాతయ్యా?’’ అంది. మాస్టారు తెల్లబోయారు. కోర్టుల దాకా వెళ్లిన గొడవంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

కమ్యూటేషన్ కోత 15 ఏళ్లు సాగాలని నిబంధన. 11 ఏళ్ల చిల్లరకే వడ్డీతో సహా తీరిపోయింది, ఇక ఆపండి అంటూ పింఛనుదారులు కోర్టుకెక్కారు. న్యాయం ఎవరి వైపుంది? కేంద్ర ఉద్యోగులకు 2008లో సవరించిన పట్టికనే ఉదాహరణగా తీసుకుంటాను. 60 ఏళ్లకు రిటైరైన వ్యక్తికి అందులో గుణకం (వదులుకున్న ఏడాది పింఛన్‌కు ఎన్ని రెట్లు ఇవ్వాలన్నది) 8.194. నెలకు 1,000 రూపాయల పింఛన్ వదులుకుంటే ఒకేసారి చేతికొచ్చేది 98,328 రూపాయలన్నమాట. వడ్డీ ఏమీ లేదనుకుంటే 8 ఏళ్ల 3 నెలల్లో ఆ డబ్బు ప్రభుత్వానికి తిరిగి వచ్చేస్తుంది. 6 శాతం వడ్డీ వేస్తే 11 ఏళ్ల 4 నెలలు పడుతుంది. 8 శాతం వేస్తే 13 ఏళ్ల 4 నెలలు దాటుతుంది. ఆ పట్టిక తయారు చేసినవాళ్లు పెట్టుకున్నది 8 శాతమే.

మరి 13 నుంచి 15కు ఎలా వెళ్లింది? మధ్యలో చనిపోయినవారి బాకీని వారి కుటుంబం నుంచి ఎవరూ వసూలు చేయరు. ఆ నష్టాన్ని బతికున్నవారి కోతలే పూడ్చాలి. కాబట్టి ఏ వయసులో ఎంతమంది చనిపోతున్నారన్నది ఈ లెక్కలో రెండో అంకె. వడ్డీ రేట్లు తగ్గి, మనుషుల ఆయుష్షు పెరిగితే ఈ రెండు అంకెలూ కదులుతాయి, 15 కూడా కదలాలి. ఎంత కదలాలో చెప్పేవాడే యాక్చువరీ. మన దగ్గర లాయర్లు వాదిస్తున్నారు, సంఘాలు వినతిపత్రాలు ఇస్తున్నాయి, అధికారులు పాత జీవో చూపిస్తున్నారు. కానీ తెలంగాణ ఉద్యోగుల మీద, ఇవాళ్టి వడ్డీ మీద కట్టిన లెక్కను ఎవరైనా బల్ల మీద పెట్టారా? నా కంటైతే పడలేదు.

అందుకే అంటున్నాను: రాష్ట్ర ప్రభుత్వానికి సొంత యాక్చువరీ విభాగం కావాలి. అందులోకి డిగ్రీ పూర్తి చేసిన పిల్లల్ని ట్రైనీలుగా తీసుకుని, జీతమిచ్చి, చదివించి తయారు చేసుకోవాలి.

ప్రభుత్వం ఇచ్చే మాటల్లో చాలా వరకు ఐదేళ్లలో ముగిసేవి కావు. పాత పింఛన్ పద్ధతిలో 25 ఏళ్ల టీచర్‌ను ఉద్యోగంలోకి తీసుకుని ఉంటే, ఆమెకో, ఆమె కుటుంబానికో 50, 60 ఏళ్ల తర్వాత కూడా డబ్బు కట్టాల్సి రావచ్చు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. రైతుబీమా 2018 ఆగస్టులో వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకాలు, నేను మనసారా సమర్థించేవి. అయితే ఊళ్లో సేద్యం చేసేవాళ్ల సగటు వయసు పెరిగేకొద్దీ రైతుబీమా ప్రీమియం ఎటు పోతుంది? డయాలసిస్ అవసరమయ్యేవాళ్లు పెరిగితే ఆరోగ్యశ్రీకి పదేళ్ల తర్వాత ఎంత కావాలి? బడ్జెట్ పుస్తకంలో ఉండేది వచ్చే ఏడాది అంకె ఒక్కటే.

2021లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి పెంచినప్పుడు ఏం జరిగిందో ఉద్యోగులందరికీ గుర్తుంది. మూడేళ్లపాటు రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయాయి. గ్రాట్యుటీ, కమ్యూటేషన్, సెలవుల డబ్బు ఇవ్వాల్సిన భారం తప్పినట్టే అనిపించింది. 2024 మార్చి నుంచి ఆ వరుస మళ్లీ మొదలైంది. బకాయిల కోసం రిటైరైనవాళ్లు ధర్నాలు చేయడం, కోర్టు మెట్లెక్కడం రోజూ పేపర్లో చూస్తున్నాం. ఉద్యోగుల పుట్టిన తేదీలన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఏ నెలలో ఎంతమందికి ఎంత ఇవ్వాలో 2021లోనే నెలవారీగా రాసి పెట్టుకోవచ్చు. ఇందులో జోస్యమేమీ లేదు. ఇద్దరు ట్రైనీలకు కొన్ని వారాల పని.

బ్రిటన్‌లో ఇందుకోసం 1919 నుంచి ఒక ప్రభుత్వ శాఖే ఉంది. టీచర్లు, పోలీసులు, ఆసుపత్రి సిబ్బంది పింఛన్ల లెక్క నాలుగేళ్లకోసారి తేల్చేది వాళ్లే. ఏటా కొద్దిమంది డిగ్రీ పిల్లల్ని ట్రైనీలుగా తీసుకుంటారు. పరీక్షలకు చదువుకోవడానికి పనిరోజుల్లోనే సెలవిస్తారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీకి ఉన్న చీఫ్ యాక్చువరీ కార్యాలయం 75 ఏళ్ల ముందుచూపుతో ఏటా లెక్క కడుతుంది. అంత దూరం ఎందుకు, మన ఈపీఎఫ్‌వో పింఛన్ నిధికీ యాక్చువరీతో లెక్క కట్టించాలని 1995 పథకంలోనే రాశారు.

ఇక హైదరాబాద్ సంగతి. దేశంలోని బీమా కంపెనీలన్నింటికీ పెద్దదిక్కైన నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఉస్మానియా స్టాటిస్టిక్స్ విభాగం నుంచి ఏటా పిల్లలు బయటికొస్తున్నారు. ఇవన్నీ ఉన్న ఊళ్లో మాస్టారి మనవరాలికి దొరికిన సర్కారు దారి ఏమిటంటే, 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన అసిస్టెంట్ మేనేజర్ నోటిఫికేషన్. 49 పోస్టుల్లో యాక్చువరీలకు 5. దేశం మొత్తానికి 5! పైగా దరఖాస్తు చేయాలంటే అప్పటికే 7 పేపర్లు పాసై ఉండాలి. సొంత డబ్బుతో, సొంత టైంతో సగం దారి నడిచినవాళ్లకే ఆ తలుపు. రాష్ట్రం సంగతి చెప్పనక్కర్లేదు. నేను చూసిన ఏ గ్రూప్స్ నోటిఫికేషన్‌లోనూ యాక్చువరీ అన్న మాటే లేదు. చివరికి ఆ అమ్మాయి గచ్చిబౌలిలో ఓ ప్రైవేట్ కంపెనీలో చేరింది. బ్రిటన్ పింఛనుదారులు ఎన్నేళ్లు బతుకుతారో అంచనా కట్టడం ఇప్పుడామె పని. సొంత తాతయ్య పింఛన్ లెక్క ఆదివారం కాగితం మీద చేసుకుంటోంది.

అవసరమైనప్పుడు కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే పోయేదానికి శాఖలెందుకు, పాసయ్యాక ఎలాగూ ప్రైవేటుకు వెళ్లిపోతారు కదా అని ఆర్థిక శాఖ వాళ్లు అంటారు. కొందరు వెళ్లిపోతారు, నిజమే. వెళ్లేలోపు ఏడెనిమిదేళ్లు పనిచేసి, లెక్కలన్నీ ఫైళ్లలో పెట్టి వెళ్తారు. కన్సల్టెంట్ అడిగినదానికే జవాబిస్తాడు. ఫలానాది అడగాలని చెప్పే మనిషి లోపల లేకపోతే ఆ జవాబుతో ఏం చేసుకుంటాం?

నన్ను ఎక్కువ బాధించేది ఇంకొకటి ఉంది. మన దగ్గర సర్కారు కొలువంటే ముందు పరీక్ష, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత చదువు బంద్. కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ సందుల్లో నడిచి చూడండి. 503 గ్రూప్-1 పోస్టులకు 2022లో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ ఒకసారి లీకేజీతో, ఇంకోసారి కోర్టు తీర్పుతో రద్దయింది. 2024లో 563 పోస్టులతో కథ మళ్లీ మొదటికొచ్చింది. ఆ రెండేళ్లూ హాస్టల్ గదుల్లో, టెన్షన్‌లో గడిపినవాళ్లలో లెక్కల్లో ఆరితేరిన పిల్లలెందరో ఉన్నారు. ఉద్యోగం రాకపోతే ఆ చదువు ఇంకెక్కడా పనికిరాదు. ఇంట్లో ఏమని చెప్పుకోవాలి?

ట్రైనీ పద్ధతిలో ముందు ఉద్యోగం, తర్వాత పరీక్షలు. ఫెలో, అంటే పూర్తి స్థాయి యాక్చువరీ కావాలంటే 13 పేపర్లు. ప్రధాన పేపర్లకు ఏడాదికి రెండుసార్లు పరీక్ష ఉంటుంది. ఒకటి పోతే ఆరు నెలలు ఆలస్యమవుతుంది, జీవితం పోదు. పాసైన ప్రతి పేపరూ చేతిలో మిగులుతుంది. పొద్దున సీనియర్ పక్కన కూర్చుని రైతుబీమా క్లెయిములు వయసులవారీగా విడదీసినవాడికి, రాత్రి పుస్తకంలో మరణాల పట్టిక కొత్తగా కనిపించదు. ఒక్క యాక్చువరీలకే ఎందుకు? నీటిపారుదల లెక్కలకు, ఆసుపత్రుల గణాంకాలకు కూడా పిల్లల్ని ఇలాగే తీసుకోవచ్చు. డిగ్రీ చేతపట్టుకుని వచ్చిన పిల్లవాడికి పని నేర్పడం తన బాధ్యతని ప్రభుత్వం అనుకోవడం మానేసి చాలా కాలమైంది. వడబోయడం మాత్రమే తన పని అనుకుంటోంది. లక్షల మందిలో వందల మందిని వడబోసి, మిగిలినవాళ్లను ఇంటికి పంపేస్తోంది.

వచ్చే బడ్జెట్‌లో ఆర్థిక శాఖ కింద 10 ట్రైనీ పోస్టులు చూపించమని అడుగుతున్నాను. డిగ్రీ, యాక్చువరీ ప్రవేశ పరీక్ష పాసవడం, అంతే అర్హత. వాళ్లకు పైన ఇద్దరు ఫెలోలు. పరీక్ష ఫీజులు సర్కారువి, చదువుకోవడానికి వారానికో రోజు. మొదటి పనిగా కమ్యూటేషన్ పట్టికను మన ఉద్యోగుల వివరాలతో తిరగరాసి, ఆ కాగితాన్ని శాసనసభ ముందు పెట్టాలి.

మాస్టారి కోత ఇప్పుడు 13వ ఏట నడుస్తోంది. మనవరాలికి ఇంకా 6 పేపర్లున్నాయి.