పెద్దబావ బాకీ గారికి ఆహ్వానం

మొన్న దీపావళి సంబరాలకి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం యాప్ వేసుకోమంది, గుర్తుందా? వేసుకోకపోతే డిన్నర్ కూపన్ రాదన్నారు. ఆడిటోరియం గుమ్మం దగ్గర ఒక చేత్తో పిల్ల పట్టులంగా, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నిలబడ్డాను. వెనక వరసలోవాళ్ళు "కానీయండి సార్" అని తోస్తున్నారు. పేరు అడిగింది. సొంత ఊరు అడిగింది. పిల్లల వయసులు అడిగింది. ఆఖర్న కాంటాక్ట్స్ చూడనిస్తారా అంది. అలౌ నొక్కేశాను. ఆ రోజు పులిహోర బాగుంది, పిల్లల నాటిక కూడా బాగానే వేశారు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఇక మీదట మెచ్చుకోడానికి వీలు కుదరదు.

మూడో రోజుకి ఉద్దానంలో ఉన్న మా పెద్దబావ ఫోనుకి ఒక మెసేజి వెళ్ళింది. "ప్రియమైన పెద్దబావ బాకీ గారికి దీపావళి శుభాకాంక్షలు. మీ ఆత్మీయులు మా యాప్‌లో చేరారు. మీరూ చేరండి."

నా ఫోన్లో ఆయన పేరు అలాగే ఉండేది మరి. నాకు ఇద్దరు పెద్దబావలు. మా ఆవిడ వైపు ఆయన బొబ్బిలిలో ఉంటాడు, ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. ఆయన "పెద్దబావ బస్సు". మా పెద్దప్ప మొగుడు "పెద్దబావ బాకీ". 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆయన జీడితోట, కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకూలితే 40 వేలు పంపాను. అందులో సగం పైచిలుకు ఇంకా రావాలి. నేనెప్పుడూ అడగలేదు. ఒకరికి చెయ్యబోయి ఇంకొకరికి ఫోన్ చేస్తున్నానని గుర్తుకోసం రాసుకున్న మాట అది. సంజాయిషీ అనుకుంటే అనుకోండి.

బొబ్బిలి బావకి కూడా వెళ్ళింది మెసేజి. ఆయన పగలబడి నవ్వి, "బస్సు గారు మాట్లాడుతున్నాను" అని ఫోన్ చేశాడు. ఉద్దానం బావ ఫోన్ చెయ్యలేదు. అయిదో రోజున ఫోన్‌పేలో 22 వేలు పడ్డాయి, కింద "చెల్లు" అని రాసి ఉంది. పెద్దప్ప రెండు వారాలు ఫోనెత్తలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది పొందూరు పక్కన. భోగి మర్నాడు అమ్మ అరుగు మీద కూచుని ఉంది. ఎదురింటి చిన్నమ్మ పత్తి ముందేసుకుని, వాలుగ చేప దవడ ముల్లుతో దువ్వుతోంది. పొందూరు ఖద్దరుకి ఇప్పటికీ పత్తి అలాగే శుభ్రం చేస్తారని మీలో చాలామందికి తెలుసు. అమ్మ ఫోను మోగింది. ఆమెకి చెవులు సరిగ్గా వినపడవు, ఎవరు చేసినా స్పీకరే. వీధి వీధంతా వినాల్సిందే.

"అమ్మ కొత్త నంబర్ గారేనాండీ మాట్లాడేది?" అందో ఆడపిల్ల గొంతు.

"అవునమ్మా, అమ్మనే. నువ్వెవల్తివి?"

కిందటేడు అమ్మకి సిమ్ము మార్చినప్పుడు నేను అలా సేవ్ చేశాను. మా వీధిలో ఇంకెవరూ ఆమెను ఆ పేరుతో పిలవరు. ఆ ఫోను ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడానికి నాకు పోలీసులు అక్కర్లేకపోయింది. భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన ప్లాట్లట. అమెరికాలో ఉన్న మీ అబ్బాయికి చెప్పండమ్మా, ఇద్దరు పిల్లలు కదా, చెరొకటి ఉంటుంది అంటోంది. దీపావళికి మన స్టేజి వెనకాల ఆ ప్లాట్లవాళ్ళ బ్యానరు ఎంత పెద్దదో అందరం చూశాం.

అమ్మ చెప్పడం మొదలెట్టింది. గుంటడు ఊళ్ళోనే ఉన్నాడని, ఇరవై నాలుగున ఎల్లిపోతాడని, అక్కడి ఇంటికి ఇంకా లోను తీరలేదని, పెద్దపిల్లకి లెక్కలు రావని. నేను ఫోను లాక్కుని కట్ చేశాను. అమ్మకి కోపం వచ్చింది.

"అడిగినోలికి సెప్పకపోతే ఎలగరా? పాపం ఆడగుంట, కూలికి మాటాడతంది."

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. మా ఊరు గురించి తీపి కబుర్లు రాసే అలవాటు నాకు లేదు. దాపరికం అనేదే అక్కడ లేదు. ఎవరింట్లో ఏ కూరో, ఏ పిల్లకి ఏ సంబంధం తప్పిపోయిందో ఊరందరికీ తెలుసు. ఒక పిల్ల ఉత్తరం ఎవరో విప్పి చదివి, పెళ్ళి చెడగొట్టిన సంగతి నా చిన్నప్పటిదే. మనలో చాలామంది ఊళ్ళు వదిలిపెట్టడానికి ఉద్యోగమొక్కటే కారణం కాదని ఒప్పుకుందాం.

కానీ మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో చేసేరోజుల్లో ఆయన ఉత్తరాలు మా ఊరి పోస్టుమాస్టారే చదివేవారు. అమ్మకి చదువు లేదు. ఆమె గుమ్మంలో నిలబడేది, మాస్టారు అరుగు మీద చదివేవారు, చుట్టూ అయిదారుగురు ఉండేవారు. జీతం, జ్వరం, ఎండలు అన్నీ పైకి చదివేవారు. ఒక్కోసారి మధ్యలో గొంతు సవరించుకుని, కాగితం మడిచేసి, "మిగతాది గుంటడిచేత సదివించుకో అమ్మా" అని లేచిపోయేవారు. అప్పుడు నాది నాలుగో తరగతి. లోపల గదిలో కూడబలుక్కుని చదివితే ఉండేది ఎవరికో తీర్చాల్సిన డబ్బు సంగతో, మరొకటో. ఊళ్ళో ఎవరు ఎవరికి బాకీయో అందరికీ తెలుసు. ఎవరి మొహం మీద అనకూడదో కూడా తెలుసు.

కనుమ భోజనానికి బావ రాలేదు. ముక్కనుమ నాడు నేనే బస్సెక్కి వెళ్ళాను. తోటలో మళ్ళీ వేసిన జీడిమొక్కలు మనిషెత్తు దాటాయి. ఆయన మంచం వాల్చి, "నీ ఫోన్లో నన్నేటని రాసుకున్నావో సూపెట్టు" అన్నాడు. చూపించాను. "పెద్దబావ" అని ఉంది. అప్పటికే మార్చేశాను, అది ఆయనకీ తెలుసు.

"బాకీ ఉన్న మాట నిజిమే. కానీ నాకు సదువు రాదు కదా. ఆ మెసేజీ మా కొత్త కోడలు సదివింది, అందరి మజ్జెనా."

ఇంకేమీ అనలేదు. జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. పెద్దప్ప మాత్రం లోపలినుంచి రాలేదు.

ఈ విద్య మన యాప్ కొత్తగా కనిపెట్టిందేం కాదు. 2012లో పాత్ అనే యాప్ ఐఫోన్లలోని అడ్రసు పుస్తకాలను అడక్కుండానే తన సర్వర్లకి ఎక్కించుకుంటోందని బయటపడింది. పిల్లల వివరాల గొడవ కూడా కలిసిన ఆ కేసులో మరుసటేడు అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీతో రాజీపడి 8 లక్షల డాలర్లు కట్టింది. సభ్యుల పేరు మీద వాళ్ళ పరిచయస్తులకి మళ్ళీ మళ్ళీ ఆహ్వానాలు పంపిందన్న దావాలో లింక్డిన్ 2015లో కోటీ 30 లక్షల డాలర్లకి రాజీకొచ్చింది. పాత్ గొడవ తర్వాతే, ఆ 2012లోనే ఐఫోను, 2015లో ఆండ్రాయిడు "చూడనిస్తారా" అని అడిగే పద్ధతి తెచ్చాయి. కొత్త ఐఫోన్లలో అయితే అందరినీ ఇవ్వకుండా కొందరిని ఏరి ఇవ్వొచ్చు. అంతా బాగుంది. అయితే అడిగేది నన్ను. బావ నంబరు ఇవ్వమంటారా అని ఏ కంపెనీ బావని అడగలేదు. మా అమ్మని అడగలేదు. వాళ్ళ తరఫున గుమ్మంలో నిలబడి, కూపన్ కోసం నేను సరేననేశాను.

56 శాతం అమెరికన్లు ప్రైవసీ పాలసీలు చదవకుండానే తరచూ ఒప్పేసుకుంటారని ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ 2023లో చెప్పింది. నేను ఆ లెక్కలోవాణ్ణే. ఫోను మైకులో మన మాటలు వింటోందని మా ఊళ్ళో అందరి నమ్మకం. మోకాళ్ళ నొప్పి అని అరుగు మీద అంటే గంటలో తైలం ప్రకటన వచ్చిందంటుంది చిన్నమ్మ. మైకు దాకా ఎందుకు, చెప్పాల్సిందంతా మనమే వేళ్ళతో నొక్కి చెబుతుంటే!

మా మేనల్లుడు ఒకడు శ్రీకాకుళం టౌన్లో లోన్ యాప్‌లో 5 వేలు తీసుకుంటే, వాడి మాస్టార్లకి కూడా తిట్లు వెళ్ళాయి. లోన్ యాప్‌లు ఫోన్లోని కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో రాసిపెట్టింది. ఇండియాలో 2023 డేటా రక్షణ చట్టంలో ఒక ఉదాహరణ ఉంది చూడండి. డాక్టర్ని ఫోన్లో చూపించే యాప్ ఒకటి కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, మనిషి సరేనంది. అయినా ఆ సరే చెల్లదు, వైద్యానికి ఆ జాబితాతో పనిలేదు గనుక అంటుంది చట్టం. డిన్నర్ కూపన్‌కి పనుందా మరి?

కార్యవర్గంలో ఉన్న మిత్రుణ్ణి అడిగాను. ఆయన మాటల్లోనూ సబబు ఉంది. హాలు అద్దె ఎంతో మీకు తెలుసు. ఎవరికీ జీతాల్లేవు. యాప్ స్పాన్సర్లే ఉచితంగా చేసిచ్చారు. "గూగుల్‌కి ఇవ్వలేదా, వాట్సాప్‌కి ఇవ్వలేదా? మన సంఘానికిస్తేనే తప్పయిందా?" అన్నారు. ఇంకో మాట ఆయన అనలేదు, నేనే అంటాను. తిత్లీ వచ్చిన వారంలో కరెంటు లేక, టవర్లు లేక, మావాళ్ళు ఉన్నారో లేదో తెలియక కొట్టుకుంటుంటే, ఇదే సంఘం సభ్యుల కాగితాల్లో "సొంత ఊరు" గడి చూసి, పలాస వైపువాళ్ళం ఎవరెవరమో ఏరి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అప్పుడు ఆ జాబితా ఒక రిటైర్డ్ లెక్చరరు గారి డైరీలో ఉండేది. ఆయన్ని ఎవరైనా నంబరు అడిగితే, ముందు మనకి ఫోన్ చేసి "ఇవ్వనా?" అనేవారు. బావకి 40 వేలు పంపే దారి కూడా ఆయన డైరీలోంచే దొరికింది.

గూగుల్‌ని నేనెలాగూ నమ్మను. మిమ్మల్ని నమ్మాను.

అందుకని ట్రస్టీలకీ, కార్యవర్గానికీ విన్నపం. ఉగాదికి ఆ యాప్ వద్దు. ఎంతమంది వస్తున్నారో ఒక కాగితం మీద రాయించుకోండి, పచ్చడి లెక్కకి అంతకన్నా అక్కర్లేదు. స్పాన్సర్లకి బ్యానరు ఇవ్వండి, స్టేజి మీద శాలువా కప్పండి, పది నిమిషాలు మైకివ్వండి, ఓపిగ్గా వింటాం. మా నంబర్లు మాత్రం ఇవ్వకండి. ఇచ్చినవి వెనక్కి తెప్పించి చెరిపించండి, చెరిపారని సర్వసభ్య సమావేశంలో చెప్పండి. ఆ గొడవకి పైసా ఖర్చయితే నా వంతు నేనిస్తాను, బావ పంపిన 22 వేలు ఇంకా ముట్టుకోలేదు.

చెరిపేటప్పుడు వెతుక్కునే శ్రమ కూడా లేదు. అక్షరక్రమంలో మొదట్లోనే కనిపిస్తుంది, "అమ్మ కొత్త నంబర్" అని.